దువ్వెన మానేశాక

మా అమ్మ నా రింగుల జుట్టులో మూడు దువ్వెనలు విరగ్గొట్టింది. అందులో ఒకటి నాయనమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న కొమ్ము దువ్వెన. దాని మాట వస్తే ఇప్పటికీ ఇంట్లో అందరూ నా వైపే చూస్తారు.

తెనాలిలో మా ఇంటి వెనక వరండాలో, రోజూ బడికి వెళ్ళే ముందు అరగంట సేపు ఈ తతంగం నడిచేది. నేను పీట మీద, అమ్మ నా వెనక స్టూలు మీద. ఎడమ చేత్తో నా జుట్టు బిగించి పట్టుకుని, కుడి చేత్తో పై నుంచి కిందికి దువ్వెన లాగేది. సగం దూరంలో చిక్కు తగిలి ఆగేది, నా తల వెనక్కి వాలేది. ఏడుపు, ఒక మొట్టికాయ, మళ్ళీ మొదలు. ఆఖరికి అరచేతి నిండా కొబ్బరి నూనె వంచుకుని అణిచి, రెండు జడలు అల్లి, మడిచి రిబ్బన్లు కట్టేది. రెండో పీరియడ్ అయ్యే సరికి నుదుటి చుట్టూ, చెవుల వెనక వెంట్రుకలు లేచి నిలబడేవి. కొబ్బరి పీచు, పిచ్చుక గూడు అని పేర్లు పెట్టారు. మా లెక్కల మాస్టారు మాత్రం ప్రతి సోమవారం "ఏమ్మా, ఇవాళ దువ్వుకోలేదా?" అని అడిగేవారు. అరగంట దువ్వించుకుని వచ్చిన పిల్లను!

మనవాళ్ళు రింగుల జుట్టుకు ఇచ్చే మర్యాద ముంగురుల వరకే. నుదుటి మీద రెండు వంకీలు తిరిగితే పద్యాలు చెబుతారు, తలంతా తిరిగితే దువ్వెన పట్టుకొస్తారు. అందమంటే వాలుజడ, అదీ నల్లత్రాచులా నిగనిగలాడాలి. నాకు తిరుమలలో రెండుసార్లు గుండు చేయించారు. మొదటిది పుట్టువెంట్రుకల మొక్కు. రెండోది ఐదేళ్ళప్పుడు, ఈసారైనా తిన్నగా వస్తుందేమోనన్న ఆశతో. రాలేదు. వచ్చే దారీ లేదు. చర్మం కింద వెంట్రుక మొలిచే గూడు వంపు తిరిగి ఉంటే వెంట్రుక కూడా వంపుతోనే పుడుతుంది. పైన ఎన్నిసార్లు గొరిగినా లోపలి గూడు మారదు. ఇది తెలియక స్వామికి రెండోసారి కూడా రింగులే సమర్పించుకున్నాం.

2014లో, పెళ్ళి సంబంధాలు చూస్తున్న రోజుల్లో, హైదరాబాద్‌లో ఒక పెద్ద సెలూన్‌కు వెళ్ళి జుట్టు తిన్నగా చేయించుకున్నాను. 6,500 రూపాయలు, 5 గంటలు. మొదట ఒక క్రీము పూశారు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన, కళ్ళు మండాయి. వెంట్రుకలోని కెరటిన్ అనే ప్రొటీన్‌ను ఆకారంలో పట్టి ఉంచేవి గంధకం బంధాలు. ఆ క్రీము వాటిని విడగొడుతుంది. తర్వాత పాయలు పాయలుగా తీసి వేడి పలకల మధ్య ఇస్త్రీ చేసి, ఇంకో మందుతో ఆ బంధాలను తిన్నటి ఆకారంలోనే మళ్ళీ అతికిస్తారు. మూడు రోజులు తల తడపకూడదు, జుట్టు చెవి వెనకకు తోయకూడదు, పడుకున్నా నిటారుగా పరుచుకోవాలి. మూడు రాత్రులు శవాసనంలో పడుకున్నాను. నాలుగో రోజు తలంటుకుని అద్దంలో చూసుకుంటే ఎవరో అనిపించింది. నచ్చిందనే చెప్పాలి. జీవితంలో మొదటిసారి దువ్వెన పై నుంచి కింది దాకా ఆగకుండా జారింది.

ఆ జారుడు మూడు నెలల ముచ్చట. జుట్టు నెలకు దాదాపు అరంగుళం పెరుగుతుంది. మూడు నెలలకు నెత్తి మీద అంగుళంన్నర రింగులు, కింద చీపురు పుల్లలు. మళ్ళీ సెలూన్, మళ్ళీ కుళ్ళిన గుడ్డు. అలా ఏడాదికి ఒకసారి, ఒక్కోసారి రెండుసార్లు, ఆరేళ్ళు. పెళ్ళైంది. పెళ్ళిలో పూలజడ వేయడానికి సవరం పెట్టాల్సి వచ్చింది, ఎందుకంటే అప్పటికే నా జుట్టు సగం పలచబడింది. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు. ఉన్న జుట్టును కాల్చుకుని అద్దె జుట్టు పెట్టుకున్నదాన్ని నేను.

ఆపింది నా తెలివి కాదు, 2020 మార్చిలో వచ్చిన లాక్‌డౌన్. సెలూన్లు మూతపడ్డాయి. అంతకు ముందు జనవరిలో చేయించుకున్నదే ఆఖరు. నెలలు గడుస్తుంటే పై నుంచి రింగులు దిగుతూ వచ్చాయి. కొత్త జుట్టు, పాత జుట్టు కలిసేచోట వెంట్రుక ఎంత బలహీనమో ఒకరోజు క్లిప్పు పెట్టుకుంటుంటే తెలిసింది. బొటనవేలంత మందం పాయ ఒకటి పుటుక్కున తెగి చేతిలోకి వచ్చింది. నొప్పి లేదు, ఏమీ లేదు. ఎండు కొమ్మ విరిగినట్టు విరిగింది.

2021 జనవరికి ఆరు అంగుళాల సొంత జుట్టు వచ్చింది. కాల్చినదంతా కత్తిరించేద్దామని దగ్గర్లోని బ్యూటీ పార్లర్‌కు వెళ్ళాను. "చెవుల కిందికి ఉంచండి" అన్నాను. ఆవిడ జుట్టు తడిపి, దువ్వి, తిన్నగా సాగదీసి, చెవుల కిందికే కత్తిరించింది. ఆవిడ తప్పు లేదు, నేర్చుకున్న పద్ధతి అది. ఇంటికి వచ్చి ఆరాక చూస్తే జుట్టు చెవుల పైకెక్కి పుట్టగొడుగులా విచ్చుకుంది. రింగుల జుట్టు ఆరాక ముడుచుకుంటుంది. నాదైతే దాదాపు సగానికి. అందుకే దాన్ని పొడిగా ఉన్నప్పుడే, ఏ రింగు ఎక్కడ పడుతోందో చూసుకుంటూ కత్తిరించాలి. ఈ ముక్క తెలిసే సరికి పుట్టగొడుగుతో నాలుగు నెలలు గడిపాను.

వీడియో కాల్‌లో చూసి అమ్మ ఒకే మాట అంది: "గుండు చేయించుకున్నా బాగుండేది, స్వామికైనా దక్కేది."

బ్యాంకులో నా పక్క సీటు ఆవిడ వారం రోజులు ఆగి, మెల్లగా "ఒంట్లో బాగుంటోందా?" అని అడిగింది.

అప్పటికి ఇంటర్నెట్‌లో రింగుల జుట్టు పద్ధతులు చదవడం మొదలుపెట్టాను. ఎక్కువగా అమెరికా వాళ్ళ రాతలు. అన్నింటిలోనూ మొదటి సూత్రం ఒకటే, అది చదివి నేను నమ్మలేదు: పొడి జుట్టు దువ్వకూడదు. ఎప్పుడూ. రింగు అంటే కొన్ని పదుల వెంట్రుకలు ఒకే వంపులో ఒకదానికొకటి అంటుకుని ఉన్న గుంపు. పొడిగా ఉన్నప్పుడు దువ్వితే ఆ గుంపు చెదిరి ప్రతి వెంట్రుకా ఒంటరిదవుతుంది. ఒంటరి వెంట్రుక గాలిలోని తేమను పీల్చి తనకు తోచిన వైపు వంగుతుంది. జుట్టు రేగడం అంటే ఇదే. ఇన్నేళ్ళూ మా ఇంట్లో, బడిలో, ఆఫీసులో అందరూ నా జుట్టు రేగింది కాబట్టి దువ్వమన్నారు. నిజానికి దువ్వడం వల్లే రేగింది. వరండాలో ఆ అరగంటలన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. నవ్వు వచ్చింది, తర్వాత కొంచెం కోపమూ వచ్చింది. ఎవరి మీదో తెలియదు. మాస్టారి మీద కావచ్చు.

దువ్వెన మానడం సులువనుకున్నాను. మొదటి వారం చేయి దానంతట అదే అద్దం దగ్గరికి పోయేది. దువ్వకుండా గుమ్మం దాటితే ఏదో తప్పు చేసి పారిపోతున్నట్టుండేది. అదీగాక మూడు రోజులు దువ్వకుండా ఉండి తలంటుకుంటే చేతి నిండా జుట్టు ఊడి వచ్చింది. బాత్రూములో నిలబడి ఏడ్చేశాను. తర్వాత లెక్క వేసుకుంటే అర్థమైంది. ఎవరికైనా రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలుతాయి. దువ్వేవాళ్ళకు దువ్వెనలో కనిపిస్తాయి, నాకు రింగుల్లో చిక్కుకుని ఉండి మూడు రోజులవీ ఒకేసారి కనిపించాయి.

రెండో సూత్రం నన్ను దెబ్బ తీసింది. షాంపూ మానేసి కండిషనర్‌తోనే తల కడగాలట. పొడి గాలి ఉన్న చల్లటి దేశాల్లో అది కుదురుతుందేమో. ఏప్రిల్‌లో, హైదరాబాద్ మెట్రో పిల్లర్ల కింద దుమ్ములో స్కూటర్ మీద తిరిగే మనిషికి కుదరదు. ఐదో వారానికి మాడు జిడ్డు పట్టి, దురద పుట్టి, గోకితే గోళ్ళలోకి తెల్లటి పొట్టు వచ్చేది. చర్మ వైద్యురాలి దగ్గరికి వెళితే ఆవిడ భూతద్దంలో చూసి, "మీ జుట్టు ఏ రకమైనా మాడు మాడే కదమ్మా, శుభ్రంగా కడగండి" అని చుండ్రుకు మందు షాంపూ రాశారు. ఆ రోజు నుంచి నా నియమం నేనే పెట్టుకున్నాను: షాంపూ మాడుకు, కండిషనర్ వెంట్రుకకు. ఒకటి రెండో దాని హద్దులోకి పోకూడదు.

ఇక నీళ్ళు. దీని గురించి ఆ రాతల్లో ఎవరూ సరిగా చెప్పలేదు, కానీ మనకు సగం బెడద ఇక్కడే. మా అపార్ట్‌మెంట్‌లో వాడుక నీళ్ళు బోరువి. కుళాయి మూతికి తెల్లటి పెచ్చు కడుతుంది, బకెట్ అడుగున సున్నం పేరుకుంటుంది. ఆ కాల్షియం, మెగ్నీషియం లవణాలే జుట్టుకూ పట్టుకుంటాయి. తెనాలిలో కాలవ నీళ్ళ చెరువు నుంచి వచ్చే కుళాయి నీళ్ళతో పోసుకున్నప్పుడు మెత్తగా ఉండే జుట్టు, ఇక్కడ అదే షాంపూతో గరగరలాడేది. మున్సిపల్ నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. ఏ నది నుంచి వచ్చినా మా వీధిలో వాటిని మంజీరా నీళ్ళనే అంటారు. తలంటు రోజుకు అవి ఒక బకెట్ పక్కన పెట్టి, బోరు నీళ్ళతో కడిగాక ఆఖరి రెండు చెంబులు అవి పోసుకోవడం మొదలుపెట్టాను. ఎంత ఖరీదైన క్రీముతోనూ రాని తేడా ఆ రెండు చెంబులతో వచ్చింది. మంజీరా నీళ్ళు రాని వారం చెంబు నీళ్ళలో ఒక చెంచా వెనిగర్ కలిపి పోసుకుంటాను. కాసేపు పచ్చడి వాసన వస్తుంది, ఆరాక పోతుంది.

జుట్టుకు పట్టు ఇవ్వడానికి జెల్ కావాలన్నారు. బజారు జెల్ ఒకటి కొంటే మధ్యాహ్నానికి భుజాల మీద పొడి రాలింది. అప్పుడు అవిసె గింజలు ఉడికించి చూశాను. మూడు చెంచాల గింజలు, రెండు గ్లాసుల నీళ్ళు, సన్నని సెగ, గరిటెతో తిప్పుతూ ఉండాలి. మొదటిసారి ఫోను మాట్లాడుతూ మరిచిపోయాను. గింజలూ జిగురూ కలిసి ముద్దయి, టీ వడపోతలో వేసి ఎంత నొక్కినా చుక్క దిగలేదు. ఆ వడపోతను కడగడానికి పట్టిన సమయంలో వంట అయిపోయేది. ఇప్పుడు గరిటె ఎత్తితే కోడిగుడ్డు తెల్లసొనలా తీగ సాగగానే ఆపేస్తాను. వేడి మీదే పలచటి నూలు చున్నీలో వంచి వడకడతాను. చల్లారితే ఇక దిగదు. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. ఒకసారి మా మామయ్యగారు దాన్ని బార్లీ జావ అనుకుని గ్లాసులో పోసుకుని తాగేశారు. తాగి, "అమ్మాయీ, ఉప్పు మరిచిపోయావు" అన్నారు. నిజం చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ రాలేదు.

ఈ జిగురు తయారు చేస్తుంటేనే నాయనమ్మ మందారాకు గుర్తొచ్చింది. ఆవిడ నీళ్ళలో ఆకులు నలిపి, ఆ పచ్చటి జిగురు తలకు పట్టించేది. కుంకుడు రసం కళ్ళలో పడితే ఏడవకుండా నోట్లో ఉప్పు కల్లు వేసేది. నానబెట్టి రుబ్బిన మెంతులు, వార్చిన గంజి కూడా ఆవిడ సరంజామాలోవే. మందారాకు, మెంతులు, గంజి అన్నీ జారుడు ఇచ్చేవే, వెంట్రుకకు పలచటి పొర కట్టేవే. సీసాల్లో అమ్మే కండిషనర్ చేసే పని అదే. నాయనమ్మ చేతిలో మందు సరైనదే, తర్వాత అమ్మ చేతిలోకి వచ్చిన దువ్వెనే తప్పు. ఆ జిగురు తలకున్నప్పుడే, తడిలోనే చిక్కు తీసి వదిలేసి ఉంటే మూడు దువ్వెనలూ మిగిలేవి.

ఇప్పుడు నా తలంటు ఇలా ఉంటుంది. వారానికి రెండుసార్లు. రెండు గంటల ముందు కొబ్బరి నూనె. ఇది వెంట్రుక లోపలికి ఇంకుతుంది, కడిగేటప్పుడు ప్రొటీన్ పోకుండా కాస్త కాపాడుతుంది. తలంటుకున్నాక రాసే అలవాటు మానేశాను. మాడుకు షాంపూ. తర్వాత తల వంచి జుట్టంతా ముందుకు వేసుకుని, కండిషనర్ ధారాళంగా పట్టించి, పళ్ళు దూరంగా ఉన్న దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీస్తాను. కొసల నుంచి, పై నుంచి కాదు. అదే నేను దువ్వే ఒక్క సమయం. కడిగాక తుడవను. నీళ్ళు కారుతుండగానే అవిసె జిగురు రాసి, జుట్టును కింది నుంచి అరచేతిలోకి తీసుకుని గుప్పిట మూసి నొక్కుతాను. చప్ చప్‌మని తడి చప్పుడు రావాలి. రాలేదంటే నీళ్ళు చాలలేదన్నమాట. తర్వాత మంచం మీద మా వారి పాత నూలు పంచె పరిచి, రింగులన్నీ దాని మీద కుప్పగా పడేలా తల వంచి, పంచెను తల చుట్టూ కట్టేస్తాను. టవల్ వాడితే దాని పోగులు రింగులను చెదరగొడతాయి. ఇరవై నిమిషాల తర్వాత విప్పి, ఇక ముట్టుకోను.

ఈ ముట్టుకోకపోవడమే అన్నింటికంటే కష్టం. ఆరే కొద్దీ జుట్టు అప్పడంలా గట్టిపడుతుంది. మొదటిసారి బెదిరిపోయాను. అది జిగురు కట్టిన పొర. పూర్తిగా, కుదుళ్ళ దాకా ఆరాక అరచేతుల్లో రెండు చుక్కల నూనె రుద్దుకుని నలిపితే ఆ పొర చిటపటమని విరిగి రింగులు మెత్తగా విడివడతాయి. తొందరపడి తడి మీద నలిపితే అంతా పాడు. రాత్రికి తల కింద పట్టు గలేబు. అమ్మ పాత ధర్మవరం పట్టుచీర చిరిగిన చెంగుతో కుట్టించాను. నూలు గలేబు మీద రుద్దుకుంటే తెల్లారేసరికి రేగిపోతుంది. చీర కత్తిరించానని తెలిసి అమ్మ రెండు రోజులు ఫోను ఎత్తలేదు. జుట్టు కత్తిరించుకున్నప్పుడు కూడా అంత బాధపడలేదు.

అయినా అన్ని రోజులూ మాట వినదు. జూన్‌లో విశాఖపట్నంలో ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌కు వెళ్ళాం. హైదరాబాద్‌లో బుద్ధిగా కూర్చున్న జుట్టు, అక్కడ స్టేషన్ దాటేసరికి రెట్టింపైంది. జిగురులో నేను గ్లిజరిన్ కలిపాను. గ్లిజరిన్ గాలిలోని తేమను లాక్కుంటుంది. పొడి ఊళ్ళో కొంచెం పనికొచ్చేది, సముద్రం ఒడ్డున అంత తేమలో కొంప ముంచింది. ఫోటోలన్నింటిలో నా వెనక నిలబడిన వాళ్ళు కనిపించరు. అప్పటి నుంచి తీరం వైపు వెళితే గ్లిజరిన్ లేని జిగురు, పొడుగు జడ. ఎండాకాలం చెమటలో కూడా జడే. రింగులున్నాయి కదా అని రోజూ విరబోసుకోవాలని ఎక్కడా లేదు.

ఇంకా మెడ వెనక ఒక పొర ఉంది, ఎంత చేసినా రింగు తిరగదు, ఊరికే రేగుతుంది. దాన్ని వదిలేశాను.

మొన్న సంక్రాంతికి అమ్మ వచ్చింది. ఆదివారం పొద్దున నేను తలంటుకుని, నీళ్ళు కారుతూ బాల్కనీలో స్టూలు మీద కూర్చుని గిన్నెలోని జిగురు తీస్తున్నాను. అమ్మ కాసేపు గడప దగ్గర నిలబడి చూసింది. లోపలికి వెళ్ళి వచ్చింది. చేతిలో దువ్వెన. నేను తల పక్కకు లాక్కున్నాను. అమ్మ దువ్వెనను చూసుకుని, నన్ను చూసి, దాన్ని కిటికీలో పెట్టింది.

"వెనక వైపు అంటలేదు, ఇటు తిరుగు" అంది.

తిరిగాను. అమ్మ జిగురు చేతిలోకి తీసుకుని, జుట్టు కొసలు అరచేతిలో పట్టుకుంది.

"పిండకూడదమ్మా, కింది నుంచి పైకి మెల్లగా నొక్కాలి" అన్నాను.

"నాకు చెప్పకు. పదిహేనేళ్ళు ఈ తలతోనే వేగాను" అంది. వెనక చప్ చప్‌మని చప్పుడు మొదలైంది.